కండక్టరు ప్యాంటు కొలత

(బెంగళూరులో ఆదివారం ఉదయం కలిసి చదువుకునే తెలుగువాళ్ళ ముందు ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్ మాట్లాడినది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

నమస్కారం అండీ. వెనకాల వినబడుతోందా? మైకు వద్దన్నాను, ముప్పై నాలుగేళ్ళు క్లాసులో అరిచిన గొంతు ఇది. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

కూర్చోవడం, కదలడం, ఆరోగ్యం మీద ఈ వారం చదవమని పంపినవి ఎంతమంది చదివారు? చేతులెత్తండి. సరే. చదవకుండా క్లాసుకొచ్చే పిల్లలు నాకు కొత్త కాదు, కూర్చోండి.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను. పోయిన కార్తీకంలో వైట్‌ఫీల్డ్‌లో మా ఆడపడుచు కొడుకు గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. పెద్దవాళ్ళు కదా, ముందు కూర్చోండి అని చాప వేశారు. కూర్చున్నాను. ఐదు కథలూ అయ్యాయి. హారతి ఇస్తున్నారు, అందరూ లేచారు. నేను లేవలేదు. లేవలేకపోయాను. ఒక చెయ్యి నేలకి ఆనించాను. చాల్లేదు, రెండో చెయ్యి ఆనించాను. మోకాళ్ళ మీదికి తిరిగాను. ఇంక అక్కడ ఆగిపోయాను. నాలుగు కాళ్ళ మీద ఉన్నాను, ఎదురుగా స్వామి. పురోహితులవారు "అమ్మగారికి స్వామిని వదిలి లేవబుద్ధి కావడం లేదు" అన్నారు. అందరూ నవ్వారు. ఎవరో కుర్రాడు వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు. "కాలు తిమ్మిరెక్కింది లెండి" అన్నాను. తిమ్మిరి లేదు, ఏమీ లేదు. అబద్ధం. పడవలో ఏముందంటే ఆకులూ అలములూ అని అబద్ధమాడిన షావుకారు గతి ఏమైందో అప్పుడే కదా విన్నాను, చేతిలో ప్రసాదం కూడా ఉంది!

ఆ రాత్రి ఇంటికొచ్చి లెక్క వేశాను. అంతకుముందు నేల మీద ఎప్పుడు కూర్చున్నాను? నెల కాదు, రెండు నెలలు కాదు, గుర్తే రాలేదు. మాది తొమ్మిదో అంతస్తు, లిఫ్టు ఉంది. స్టవ్వు నడుమెత్తున ఉంటుంది. తిండి డైనింగ్ టేబుల్ మీద. పూజ అలమరా గుండెల ఎత్తున, నిలబడి దీపం పెట్టేస్తాను. బాత్రూములో వెస్టర్న్ కమోడ్. కూరలు పది నిమిషాల్లో తలుపు దగ్గరికి. ఇల్లు తుడవడానికి అమ్మాయి వస్తుంది, ఆమెకీ ఇప్పుడు కర్ర మాప్ ఇచ్చాం. మా ఇంట్లో నేలతో పని ఉన్నది ఎవరికండీ? ఎవరికీ లేదు. రోజూ పొద్దున లాల్‌బాగ్‌లో నలభై నిమిషాలు నడుస్తాను నేను. ఆ తోటలోని బండగుట్ట ఎక్కి కెంపేగౌడ గోపురం దాకా వెళ్ళొస్తాను. అయినా చాప మీద నుంచి లేవలేకపోయాను. అంటే వ్యాయామం చేస్తున్నాను కానీ, కదలడం మానేశానన్నమాట.

అలాగని పాతకాలమే బంగారం అని మొదలుపెట్టను. భయపడకండి. మా అవ్వది హిందూపురం పక్కన పల్లె. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా నేల మీదే. కట్టెల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని సంకటి కెలికేది, ఆ పొగలోనే. విసుర్రాయి, రోలు, పేడ నీళ్ళు, అన్నీ కిందే. అరవై నిండేసరికి రెండు మోకాళ్ళూ పోయాయి. గోడ పట్టుకుని నడిచేది. బీజింగ్‌లో 60 దాటినవాళ్ళని కూర్చోబెట్టి, మీరు 25 ఏళ్ళప్పుడు రోజుకి ఎంతసేపు గొంతుక్కూర్చునేవాళ్ళు అని అడిగిన అధ్యయనం ఒకటి 2004లో వచ్చింది. గంటల తరబడి కూర్చున్నవాళ్ళలో మోకాలి కీళ్ళ అరుగుదల ఎక్కువగా కనబడింది. అవ్వ ఆ పేపరు చదవలేదు, ఆ బాధ పడింది. కాబట్టి నేల దేవత అనీ, కుర్చీ రాక్షసి అనీ నేను చెప్పను.

మరేం చెప్తాను? బస్సు కథ చెప్తాను. ఈ వారం మీకు పంపినవాటిలో నాకు ప్రాణం అదే.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. బ్రిటన్‌లో గుండెజబ్బులు పెరుగుతున్నాయి, ఎందుకో తెలియడం లేదు. జెరెమీ మోరిస్ అని ఒక డాక్టరు. ఆయన లండన్ బస్సుల వైపు చూశాడు. లండన్ బస్సులంటే తెలుసుగా, ఎర్రవి, డబుల్ డెక్కర్లు. ఒకప్పుడు మన బెంగళూరులోనూ తిరిగేవి, పెద్దవాళ్ళకి గుర్తుంటాయి, పై అంతస్తులో ముందు సీటు కోసం కొట్టుకునేవాళ్ళం. ఆ బస్సులో ఇద్దరు పనిచేస్తారు. ఒకరు డ్రైవరు, ఒకరు కండక్టరు. అదే బస్సు, అదే ఊరు, అదే గాలి, దాదాపు అదే జీతం, అదే తరగతి మనుషులు. తేడా ఒకటే. డ్రైవరు షిఫ్టంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొట్టడానికి పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటాడు, రోజుకి 500 నుంచి 750 మెట్లు. మన బీఎంటీసీ సిటీ బస్సుల్లో సాయంత్రం బస్సు తలుచుకోండి, "ముందె హోగి, ముందె హోగి" అంటూ, కన్నడంలో ముందుకెళ్ళండని అరుస్తూ ఆ ఇరుకులో ఈ చివర నుంచి ఆ చివరకి. దానికి ఒక మేడ కూడా తగిలించండి.

31,000 మంది రవాణా ఉద్యోగుల లెక్కలు తీశారు. 35 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళు. 1953లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. కండక్టర్లకి గుండెజబ్బు డ్రైవర్లకన్నా సుమారు 30 శాతం తక్కువ. వచ్చినా కాస్త ఆలస్యంగా వచ్చేది, మొదటి దెబ్బకే ప్రాణం తీయడమూ తక్కువే. మోరిస్ అక్కడితో ఆగలేదు. పోస్టాఫీసు లెక్కలూ తీశాడు. నడిచీ సైకిలు తొక్కీ ఉత్తరాలు పంచేవాళ్ళు ఒకవైపు, కౌంటరు వెనకా టెలిఫోను బోర్డు ముందూ కూర్చునేవాళ్ళు ఒకవైపు. అక్కడా అదే కథ.

బాగుంది కదా? వాట్సాప్‌లో అయితే కథ ఇక్కడితో అయిపోతుంది. "కూర్చోవడం ప్రాణాంతకం, పది గ్రూపులకి పంపండి." కానీ ఇప్పుడు మీరు నా క్లాసులో ఉన్నారు. ఎవరైనా ఒక ప్రశ్న అడగండి. ... కాదు, తిండి కాదు. ... టెన్షనా? అవును, డ్రైవరుకి ట్రాఫిక్ టెన్షన్ ఉంటుంది, మంచి ప్రశ్న, పోస్టాఫీసు వైపు వెళ్ళింది అందుకే. ఇంకోటి. ఎవరూ అడగరా? సరే, నేనే అడుగుతాను. లావుగా ఉండి ఒళ్ళు వంగనివాళ్ళు ముందే డ్రైవరు ఉద్యోగం చూసుకున్నారేమో? చలాకీగా ఉన్నవాళ్ళు కండక్టర్లు అయ్యారేమో? అప్పుడు మెట్ల మహిమ ఏముంది, మనిషి మహిమే కదా?

ఈ ప్రశ్న మోరిస్ తనని తానే అడుక్కున్నాడు. జవాబు ఎక్కడ వెతికాడో తెలుసా? యూనిఫాంల లెక్కల్లో. కంపెనీ వీళ్ళందరికీ బట్టలు కుట్టించి ఇస్తుంది కదా, దర్జీ దగ్గర ప్రతి మనిషి ప్యాంటు నడుము కొలతా ఉంటుంది. ఆ కొలతలన్నీ తీశారు. 1956లో అచ్చేశారు. నిజమే, ఏ వయసులో చూసినా డ్రైవర్ల నడుమే లావు. అంటే అనుమానం నిజమేనా? సగం నిజం. తర్వాత చూస్తే సన్నటివాళ్ళలో సన్నటివాళ్ళని పోల్చినా, మధ్యరకం వాళ్ళని పోల్చినా, బొజ్జ ఉన్నవాళ్ళలో బొజ్జ ఉన్నవాళ్ళని పోల్చినా, కండక్టరుకే గుండెజబ్బు తక్కువ. లావు ఒక్కటే కారణం కాదని తేలింది.

నాకు ఈ ప్యాంటు అంటే చాలా ఇష్టమండీ. ఆ మనిషి తనకి పేరు తెచ్చిన సిద్ధాంతాన్నే దర్జీ దగ్గరికి తీసుకెళ్ళి కొలిపించాడు. ఆయన 99 ఏళ్ళు బతికాడు, 2009లో పోయాడు. అది మెట్ల వల్లే అని మాత్రం చెప్పను, ఒక్క మనిషిని చూసి చెప్తే ఆయనే ఒప్పుకోడు.

అందుకని ఆరోగ్యం మీద ఏ వ్యాసం చేతికొచ్చినా మీరు ప్యాంటు కొలత అడగండి. ముందే తేడా ఉన్న మనుషులని పక్కపక్కన పెట్టి, తేడా ఫలానా దాని వల్ల వచ్చింది అంటున్నారా? అది అడగండి. రోజుకి పదివేల అడుగులు అంటారు కదా, మీ చేతి గడియారాలన్నీ అదే కూస్తాయి. ఆ పదివేలు జపాన్‌లో 1965లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. మాన్‌పో-కెయ్ అంటే పదివేల అడుగుల మీటరు. అమ్మకానికి పెట్టిన పేరు, ప్రయోగం కాదు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళ ఆడవాళ్ళు పదహారు వేలమందికి పైగా తీసుకుని చూస్తే, రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళకన్నా 4,400 వేసేవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక పెద్ద తేడా లేదు. వినడానికి హాయిగా ఉంది, నాకూ హాయిగానే ఉంది. కానీ ప్యాంటు కొలత? జబ్బుగా ఉన్నవాళ్ళు ఎలాగూ తక్కువే నడుస్తారు కదా? ఆ పరిశోధకులు దాన్ని సరిచేయడానికి చాలా ప్రయత్నం చేశారు, అయినా ఆ అనుమానం కొంత మిగులుతుంది.

ప్యాంటు గొడవే లేని ప్రయోగం ఒకటి ఉంది. 1966, అమెరికాలో డల్లాస్. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఐదుగురు. ఐదుగురే! మూడు వారాలు మంచం మీద పడుకోబెట్టారు. లేవకూడదు, నడవకూడదు. ముందూ వెనకా ఒళ్ళు ఎంత ప్రాణవాయువు వాడుకోగలదో కొలిచారు. పావువంతు పైగా పడిపోయింది. అక్కడ మనిషిని పోల్చింది వాడితోనే, పక్కవాడితో కాదు. అసలు విశేషం తర్వాత ఉంది. ముప్పై ఏళ్ళ తర్వాత, 1996లో, అదే ఐదుగురిని వెతికి పట్టుకొచ్చి మళ్ళీ కొలిచారు. ముప్పై ఏళ్ళ వయసు తగ్గించినదానికన్నా ఆ మూడు వారాల మంచం ఎక్కువ తగ్గించింది! మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఏ ఆపరేషనో అయి ఇంటికొస్తే, కదిలితే ఏమవుతుందోనని మంచినీళ్ళు కూడా మంచం దగ్గరికే తెస్తాం చూడండి. ప్రేమే. కానీ డాక్టరు నడవమన్న రోజు నుంచి నడిపించండి.

ఇప్పుడు అందరూ ఎడమ చెయ్యి చాపండి. మణికట్టు పైన, ముంజేతి మీద ఉబ్బిన నరం కనబడుతోందా? మనం నరం అంటాం, నిజానికి సిర, రక్తం గుండెకి తిరిగి వెళ్ళే దారి. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీయండి, ఉబ్బుతుంది. ఇప్పుడు కుడి చేతి చూపుడు వేలితో కింద ఒకచోట నొక్కి పట్టుకోండి. బొటనవేలితో ఆ సిరని మోచేతి వైపు ఒక్కసారి తోసి, బొటనవేలు తీసేయండి. చూపుడు వేలు తీయకండి. చూశారా? పై నుంచి రక్తం వెనక్కి రాలేదు, కొంత దూరం ఖాళీగా పడుంది. ఇప్పుడు చూపుడు వేలు తీయండి. నిండింది! కొందరికి సరిగ్గా కనబడదు, లావు చేతులవాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి చూసుకోండి. లోపల తలుపులున్నాయి. గుండె వైపే తెరుచుకుంటాయి. దీన్ని విలియం హార్వే అనే ఇంగ్లండు డాక్టరు 1628లోనే పుస్తకంలో బొమ్మలు వేసి చూపించాడు. మైక్రోస్కోపు లేదు, చెయ్యీ, సిర ఉబ్బడానికి దాని మీద ఒక కట్టూ, అంతే.

ఇదే తలుపులు కాళ్ళలోనూ ఉన్నాయి. పాదం నుంచి గుండెకి రక్తం ఎక్కాలంటే ఎవరో పిండాలి. పిక్క కండ పిండుతుంది. అడుగు వేసినప్పుడల్లా, మునివేళ్ళ మీద లేచినప్పుడల్లా పిండుతుంది, అందుకే దాన్ని రెండో గుండె అంటారు. కుర్చీలో కాళ్ళు వేలాడేసి నాలుగు గంటలు కూర్చుంటే ఆ గుండె సెలవు పెట్టేస్తుంది. బస్సులో హైదరాబాద్ వెళ్ళొస్తే చెప్పులు బిగుసుకుపోవడం ఎవరికి తెలియదు?

టాంజానియాలో హడ్జా అని వేట మీద, అడవి తిండి మీద బతికే జనం ఉన్నారు. వాళ్ళు రోజంతా పరిగెడుతుంటారు అనుకుంటాం కదా? వాళ్ళ కాళ్ళకి మీటర్లు కట్టి చూశారు, 2020లో అచ్చయింది. వాళ్ళూ రోజుకి దాదాపు పది గంటలు కదలకుండా కూర్చుంటారు. మనలాగే! కానీ గొంతుక్కూర్చుంటారు, మోకాళ్ళ మీద కూర్చుంటారు. అలా కూర్చున్నప్పుడు కాలి కండలు కొంచెం కొంచెం పనిచేస్తూనే ఉంటాయని తేలింది. వాళ్ళకి గుండెజబ్బు లక్షణాలు తక్కువ. కూర్చునే తీరు వల్లేనా? తిండి వల్లా? నడక వల్లా? ప్యాంటు కొలత అడగండి. వాళ్ళకి ప్యాంట్లు లేకపోయినా అడగండి.

ఒక మాట మధ్యలో. లాల్‌బాగ్ గేటు బయట పొద్దున్నే రసాల బళ్ళు ఉంటాయి. గరిక రసం, కాకర రసం, సొరకాయ రసం. నేచురల్ మేడమ్, ఏమీ కాదు అంటారు. నేచురల్ అంటే ఏమీ కాదనా అర్థం? ఉమ్మెత్త నేచురల్ కాదా? సొరకాయ రసం చేదుగా తగిలితే ఉమ్మేయండి, తాగొద్దు. ఆ చేదు విషం, దాన్ని తాగి ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. ఐసీఎంఆర్, అంటే మన దేశపు వైద్య పరిశోధన మండలి కూడా హెచ్చరించింది. సరే, రసాల సంగతి ఇంకో ఆదివారం.

పిల్లల గురించి చెప్పి ముగిస్తాను. ఇది నా తప్పు చెప్పుకోవడం కూడా. జనవరి వచ్చేసరికి పోర్షన్ అవ్వదు. అప్పుడు ఏం చేసేదాన్ని? పీటీ సార్ దగ్గరికి వెళ్ళి, "సార్, ఈ వారం మీ పీరియడ్ ఇవ్వండి, కిరణజన్య సంయోగక్రియ మిగిలిపోయింది" అనేదాన్ని. ఆయన ఏనాడూ కాదనలేదు పాపం. పిల్లలు కిటికీలోంచి గ్రౌండు చూస్తూ కూర్చునేవాళ్ళు. ఎండలో ఆకులు ఏం చేస్తాయో పిల్లలకి ఎండ తగలకుండా చెప్పాను నేను, ముప్పై నాలుగేళ్ళు!

చైనాలో గ్వాంగ్‌జౌలో 12 బడులు తీసుకున్నారు. చీటీలు వేసినట్టు రెండు వాటాలు చేశారు. ఆరు బడుల్లో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాలు ఆరుబయట క్లాసు ఎక్కువ పెట్టారు. మిగతా ఆరూ మామూలుగానే. మూడేళ్ళు. మామూలు బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది, అంటే దూరం కనబడక అద్దాలు పెట్టుకోవడం. బయటికి తీసుకెళ్ళిన బడుల్లో 30.4 శాతం. 2015లో వచ్చింది. ఇక్కడ ప్యాంటు కొలత ఏమైంది? చీటీలు వేశారు కదా, ఏ బడి ఎటు పోతుందో ఎవరూ ఎంచుకోలేదు. లావు డ్రైవర్ల గొడవ లేదు. అందుకే దీన్ని నేను గట్టిగా నమ్ముతాను. వెలుగుని లక్స్‌లలో కొలుస్తారు, క్లాసు గదిలో 300, 500 లక్స్. చెట్టు నీడలో నిలబడినా వేలల్లో ఉంటుంది. ఎండలో లక్ష దాకా పోతుంది. మన కంటికి గది వెలుగుగానే కనిపిస్తుంది, అదే మోసం. ఆ వెలుగులో కంటి వెనక పొరలో డోపమిన్ అనే రసాయనం ఎక్కువగా ఊరి, కనుగుడ్డు పొడవుగా సాగకుండా ఆపుతుందని అనుకుంటున్నారు. అక్కడ ఆడాలని కూడా లేదు, ఊరికే బయట ఉన్నా చాలు. మీ మనవల బడిలో పీటీ పీరియడ్ నాలాంటి టీచర్ ఎవరైనా తీసుకుంటుంటే, పేరెంట్స్ మీటింగులో మార్కుల కన్నా ముందు అది అడగండి. నా పేరు చెప్పండి కావాలంటే.

ఇంక నా చాప దగ్గరికి వస్తాను. బ్రెజిల్ డాక్టరు ఒకాయన, క్లాడియో గిల్ అరౌజో, పది మార్కుల పరీక్ష పెట్టాడు. కింద కూర్చోడానికి ఐదు, లేవడానికి ఐదు. చెయ్యి ఆనిస్తే ఒక మార్కు పోయింది, మోకాలు ఆనిస్తే ఇంకోటి, తూలితే అర. 2,002 మందికి, 51 నుంచి 80 ఏళ్ళవాళ్ళకి పెట్టాడు. 2012లో అచ్చయింది. మూడు, అంతకన్నా తక్కువ వచ్చినవాళ్ళలో, ఆ తర్వాత ఆరేళ్ళలో చావులు బాగా ఎక్కువ. ఇది చదివి నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. గృహప్రవేశం నాడు నాకెన్ని? కూర్చోడానికి మూడు వేసుకున్నాను. లేవడానికి సున్నా, చంకల కింద కుర్రాడికి మార్కులు లేవు. మూడో రోజు తెల్లారుజామున బుద్ధి వచ్చింది, ప్యాంటు కొలత! గుండె బలహీనమైనవాళ్ళు, కీళ్ళు అరిగినవాళ్ళు ఎలాగూ లేవలేరు. లేవలేకపోవడం వల్ల చావరు, ఏదో ఉండబట్టి లేవలేరు. పరీక్ష జ్వరం చూసే థర్మామీటరు లాంటిది. కానీ నాకు ఏ జబ్బూ లేదు. అలవాటు పోయింది, అంతే. అలవాటైతే తెచ్చుకోవచ్చు.

అటక మీద నుంచి కత్తిపీట దింపించాను. మా ఆయన "తెగుతుంది, ఎందుకు ఇప్పుడు" అన్నారు. సోఫా ముందు చాప వేశాను. మొదటి వారం సోఫా పట్టుకుని లేచాను. తర్వాత టీపాయి. అప్పుడే అనపకాయల కాలం వచ్చింది, అవరేకాయ మేళా, అంటే అనపకాయల సంత పెట్టారు. రెండు కిలోలు తెచ్చాను. బాసింపట్టు వేసుకుని కాయలు ఒలిచి, గింజలు నీళ్ళలో వేసి, నానాక ఒక్కొక్కటి వేళ్ళ మధ్య పితుకుతూ కూర్చోవాలి, పప్పు చింది టీవీ మీద పడుతుంది. పితికినపప్పు కూరకి కిలో గింజలు పితకాలంటే మీరే చెప్పండి, ఎన్నిసార్లు లేస్తాం? గిన్నె కావాలి, ఫోను మోగుతుంది, డెలివరీ వాడు బెల్లు కొడతాడు. మూడో రోజు మా ఆయన కూడా కింద కూర్చున్నారు, పప్పు మీద ప్రేమతో. ఇప్పుడు నేను ఒక్క చెయ్యి ఆనించి లేస్తున్నాను. చెయ్యి లేకుండా ఇంకా రావడం లేదు.

మీలో మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు, తుంటి మార్పించుకున్నవాళ్ళు, తల తిరిగేవాళ్ళు నా మాట విని ప్రయత్నించకండి, మీ డాక్టర్ని అడగండి. మిగతావాళ్ళు మాత్రం గోడ పక్కన, గట్టి కుర్చీ ఒకటి దగ్గర పెట్టుకుని చూడండి.

కాఫీ వచ్చినట్టుంది, వాసన వస్తోంది. కుర్చీలు కావాలన్నవాళ్ళకి అటువైపు వేయించాను. మిగతా కప్పులన్నీ ఇదిగో, ఈ చాపల మీద కిందే పెట్టించాను.